అరుదైన జంతువుల మీద బొమ్మల పుస్తకాలు: మన పిల్లల కోసం మనమే రాసుకోవడం ఎలా?

"తాబేలు కథ చెప్పు" అని మన క్లాసులో ఎవర్ని అడిగినా ముందుగా వచ్చేది కుందేలూ తాబేలూ పందెం కథే. మంచి కథే, కాదనం. కానీ ఆ తాబేలు చెరువులోది. మనం ఉండే అజైబా నుంచి కారులో సుమారు మూడు గంటలు వెళ్తే వచ్చే రాస్ అల్ జింజ్ ఒడ్డున, రాత్రిపూట సముద్రంలోంచి పైకొచ్చి, ఇసుక తవ్వి గుడ్లు పెట్టే పెద్ద తాబేలు కథ మన పిల్లలకి తెలుగులో ఎవరూ చెప్పలేదు. టూర్‌కి వెళ్లి చూసొచ్చిన పిల్లలు కూడా దాని గురించి ఇంగ్లీషులోనే చెబుతారు. ఎందుకంటే చూసినదానికి తెలుగు మాటలు వాళ్ల దగ్గర లేవు.

అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల గురించి ఇంగ్లీషులో బొమ్మల పుస్తకాలు బోలెడు. తెలుగులో కూడా మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్ లాంటి ప్రచురణకర్తలు పిల్లల కోసం చక్కటి పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. అవి తప్పకుండా వాడుకుందాం. కానీ ఒమన్ ఒడ్డునా, మన ఊళ్ల అడవుల్లోనూ ఉన్న జంతువుల్ని కలిపి, మస్కట్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లాడికి చెప్పే పుస్తకం కావాలంటే మనమే రాసుకోవాలి. రచయితలు కానక్కర్లేదు. ఒక తల్లి, ఒక టీచరు, నలుగురు పిల్లలు, నాలుగు ఏ-4 కాగితాలు ఉంటే చాలు.

1. ఏ జంతువుని ఎంచుకోవాలి?

పాండా, ధ్రువపు ఎలుగుబంటి వద్దు. వాటి మీద ఇప్పటికే చాలా పుస్తకాలున్నాయి. పిల్లలు వెళ్లి చూడగలిగినవో, అమ్మమ్మ తాతయ్యలు చూసినవో, పేరైనా విన్నవో తీసుకుందాం. మనకి రెండు ఊళ్లున్నాయి కాబట్టి రెండు జాబితాలు.

ఇక్కడివి:
- సముద్రపు తాబేళ్లు. రాస్ అల్ జింజ్, రాస్ అల్ హద్ తీరంలో పచ్చ తాబేళ్లు. మసీరా దీవిలో లాగర్‌హెడ్ తాబేళ్లు. మస్కట్‌కి దగ్గర్లోని దైమానియత్ దీవుల్లో గద్దముక్కు లాంటి మూతి ఉండే హాక్స్‌బిల్ తాబేళ్లు.
- అరేబియన్ ఓరిక్స్. అరబ్బీలో 'మహా'. పెట్రోలు బంకుల మీద కనిపించే 'అల్ మహా' అన్న పేరుకి అర్థం ఇదే.
- ధోఫార్ కొండల్లో అరేబియన్ చిరుత, హజర్ పర్వతాల్లో కొండమేకలాంటి అరేబియన్ తార్.
- అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్ తిమింగలం. మిగతాచోట్ల ఈ జాతి తిమింగలాలు వేల మైళ్లు వలస వెళ్తాయి. ఇక్కడివి వెళ్లవు. ఒమన్ తీరంలో వందలోపే ఉంటాయని అంచనా.

అక్కడివి:
- కలివి కోడి. కడప జిల్లా లంకమల అడవుల పిట్ట.
- బట్టమేక పిట్ట. దీనికోసమే 1988లో కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు.
- అలుగు. ఒంటినిండా పొలుసులుండి, భయపడితే బంతిలా చుట్టుకుపోయేది.
- మన తూర్పు తీరానికి చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు.

మొదటి పుస్తకానికి సముద్రపు తాబేలు తీసుకోమని నా సలహా. రెండు తీరాల్లోనూ ఉంటుంది, పిల్లలు ఇక్కడ చూడగలరు. విశాఖలోనో కాకినాడలోనో ఉండే తాతయ్యకి ఫోన్ చేసి "అక్కడ కూడా వస్తాయా?" అని అడగగలరు. ఆ ఫోను కూడా తెలుగు పాఠమే.

2. ముందు నిజం, తర్వాత కథ

చిన్నపిల్లల పుస్తకమే కదా అని నిజాల దగ్గర చూసీచూడనట్టు పోకూడదు. పిల్లలు ఒకసారి నేర్చుకున్నది చాలా ఏళ్లు మోస్తారు. కథ మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద ఈ ఐదు ప్రశ్నలకి జవాబులు రాసుకోండి: ఏం తింటుంది? ఎక్కడ పడుకుంటుంది? పిల్లల్ని ఎలా కంటుంది? దానికి ఎవరంటే భయం? ఇప్పుడు దానికి వచ్చిన కష్టం ఏమిటి?

పచ్చ తాబేలుకి ఆ కాగితం ఇలా ఉంటుంది. పెద్దయ్యాక ఎక్కువగా సముద్రపు గడ్డి, నాచు తింటుంది. తల్లి రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కసారికి దాదాపు వంద గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. పొదగదు. సుమారు రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి అవి ఆడవా మగవా అన్నది తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ పుడతాయి. రాత్రి సముద్రం మీది ఆకాశం కాస్త వెలుగ్గా కనిపిస్తుంది కాబట్టి పిల్లలు ఆ వెలుగు వైపు పాకుతాయి. ఒడ్డున హోటళ్ల లైట్లో, కారు లైట్లో ఉంటే దారి తప్పుతాయి. ఒడ్డున కథకి కావలసిన ముడి సరుకంతా ఈ పేరాలోనే ఉంది.

ఇంకో సంగతి. జంతువుల పరిస్థితి మారుతూ ఉంటుంది. ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే ఐయూసీఎన్ రెడ్ లిస్టు 1964 నుంచి ఉంది. అందులో పచ్చ తాబేలు చాలాకాలం 'ప్రమాదంలో ఉన్న' జాతిగానే ఉండేది. 2025 అక్టోబరులో, ప్రపంచం మొత్తం మీద వాటి సంఖ్య కోలుకుందని, ఆ జాబితాలోంచి తీసి 'పెద్దగా ఆందోళన లేని' వర్గంలో వేశారు. గుడ్లనీ ఒడ్డునీ ఏళ్ల తరబడి కాపాడితే వచ్చిన ఫలితం ఇది. కానీ మసీరాలోని లాగర్‌హెడ్‌ల సంగతి వేరు. ప్రపంచంలోనే అతిపెద్ద గుంపుల్లో ఒకటైన అది బాగా తగ్గిపోయింది. మన వాయవ్య హిందూ మహాసముద్రపు లాగర్‌హెడ్‌లు ఇప్పుడు తీవ్ర ప్రమాదంలో ఉన్నాయి. కాబట్టి పాత పుస్తకం చూసి రాయకండి. "తాబేళ్లన్నీ పోతున్నాయి" అని ఒక్కమాటలో తేల్చేయకుండా ఏ తాబేలో పేరు పెట్టి చెప్పండి. వెనక అట్ట మీద "ఈ వివరాలు ఫలానా ఏడాదివి" అని రాయండి.

3. ఒక జంతువు, ఒక చిక్కు

మొదటిసారి రాసేవాళ్లు పుస్తకం నిండా సమాచారం కుక్కుతారు. ప్లాస్టిక్, వలలు, లైట్లు, ఎండలు, వేట, అన్నీ. అప్పుడది పుస్తకం అవదు, గవర్నమెంటు కరపత్రం అవుతుంది. ఐదేళ్ల పిల్ల మూడో పేజీలో లేచి వెళ్లిపోతుంది.

ఒక పుస్తకానికి ఒకే చిక్కు. లైట్లు అనుకుంటే లైట్లే. ప్లాస్టిక్ సంచి గురించి ఇంకో పుస్తకం రాద్దాం. ఆ జంతువుకి ఏదో ఒకటి కావాలి, దానికి ఏదో ఒకటి అడ్డు రావాలి. బుల్లి తాబేలుకి సముద్రం కావాలి, లైటు అడ్డొచ్చింది. కథంటే ఇంతే.

4. పదహారు పేజీల లెక్క

అచ్చు పుస్తకాలు మామూలుగా 32 పేజీలుంటాయి. మనకి అంత వద్దు. నాలుగు ఏ-4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకి మడిచి, మడత మీద రెండు పిన్నులు కొడితే 16 పేజీల పుస్తకం.

- 1వ పేజీ: అట్ట
- 2వ పేజీ: రాసినవాళ్ల, బొమ్మలు వేసినవాళ్ల పేర్లు
- 3వ పేజీ: కథ మొదలు
- 4 నుంచి 13 వరకు: ఎదురెదురు పేజీలు ఐదు జతలు, అసలు కథ
- 14, 15: పెద్దవాళ్లు చదివి వినిపించే నిజాలు, కొత్త మాటలు
- 16వ పేజీ: వెనక అట్ట

జతకి ఇరవై మాటలకి మించొద్దు. బొమ్మ చెబుతున్నది మాటల్లో మళ్లీ చెప్పొద్దు. బొమ్మలో చీకటి ఉంటే "చీకటిగా ఉంది" అని రాయక్కర్లేదు. పేజీ తిప్పేముందు ఒక ప్రశ్న వేలాడుతూ ఉండాలి. నమూనాకి కొన్ని పేజీలు:

3: "ష్... సముద్రంలోంచి ఒక రాయి నడిచి వస్తోంది. రాయి నడుస్తుందా?"

4–5: "రాయి కాదు, తాబేలమ్మ! బరబరా ఈడ్చుకుంటూ, ఆగి ఆగి, ఆయాసపడుతూ వస్తోంది."

6–7: "ఇసుక తవ్వింది. గుడ్లు పెట్టింది. ఒకటా? రెండా? పదా? కాదు... వంద!"

8–9: "ఇసుక కింద గుడ్లు. ఇసుక మీద ఎండ. ఇసుక మీద వెన్నెల. ఎన్నాళ్లు? రెండు నెలలు."

10–11: "టక్! బుల్లి తాబేలు బయటికొచ్చింది. అటు వెలుగు. ఇటు వెలుగు. మరి సముద్రం ఎటు?"

12–13: "ఎవరో లైటు ఆర్పారు. ఇప్పుడు ఒక్కటే వెలుగు. పద పద పద... బుడుంగ్!"

లైటు ఆర్పింది ఎవరో మాటల్లో చెప్పలేదు, చూశారా? అది బొమ్మలో వేయాలి. ఎవర్ని వేయాలో పిల్లల్నే అడగండి. ఒకరు నాన్నని వేస్తారు, ఒకరు హోటల్ అంకుల్‌ని, ఒకరు తమని తామే వేసుకుంటారు. పుస్తకం వాళ్లది అయ్యేది అక్కడే.

5. ఏ తెలుగులో రాయాలి?

ఈ రెండు వాక్యాలు పైకి చదివి చూడండి.

"కృత్రిమ కాంతి కారణంగా సముద్రపు తాబేళ్ల మనుగడ ప్రశ్నార్థకంగా మారింది."

"లైట్లు చూసి బుల్లి తాబేళ్లు దారి తప్పుతున్నాయి."

మొదటిది పేపర్ భాష. రెండోది ఇంట్లో మాట్లాడే భాష. పిల్లల పుస్తకానికి రెండోదే. 'అంతరించిపోతున్న జాతి' అన్న మాట కూడా చిన్నవాళ్లకి వద్దు. "చాలా కొద్దిగా మిగిలాయి" అంటే చాలు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి 'అంతరించడం' నేర్పించొచ్చు, 15వ పేజీలో.

జంతువుల పుస్తకంలో మనకి ఇంకో లాభం ఉంది, బహువచనాలు. గుడ్డు, గుడ్లు. కాలు, కాళ్లు. తాబేలు, తాబేళ్లు. గూడు, గూళ్లు. కన్ను, కళ్లు. ఇక్కడ పుట్టిన పిల్లలు 'తాబేలులు', 'కాలులు' అంటుంటారు. పట్టిక రాసి బట్టీ పట్టిస్తే ఉండదు. "ఒక తాబేలు వచ్చింది, రెండు తాబేళ్లు వచ్చాయి" అని పేజీ పేజీకీ వినిపిస్తే నోటికి వచ్చేస్తుంది. బరబరా, బుడుంగ్, టకటక, జరజర లాంటి ధ్వనులు కూడా ధారాళంగా వాడండి. పిల్లలు ముందు పట్టుకునేవి ఆ ధ్వనులే.

మన బడిలో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని వైపులవాళ్లూ ఉన్నారు. ఒకరింట్లో 'గొయ్యి', ఇంకొకరింట్లో 'గుంత'. ఒకరు 'వెళ్లింది' అంటే ఇంకొకరు 'పోయింది' అంటారు. దేన్నీ తప్పు అనకండి. రాసే ఇంటి మాట పుస్తకంలో పెట్టి, మిగతా ఇళ్ల మాటలు 15వ పేజీలో చేర్చండి.

జంతువుల అసలు పేర్లు పోనివ్వకండి. 'కలివి కోడి' అన్న పేరులోనే దాని చిరునామా ఉంది: కలివి పొదలుండే చోట తిరిగే పిట్ట అని. ఇంగ్లీషులో దానికి ఒక దొర పేరు పెట్టారు. ఆ పేరు విని పిట్ట ఎక్కడుంటుందో చెప్పలేం. ఓరిక్స్ లాంటి వాటికి మనకి పాత మాట లేదు. అప్పుడు కొత్త పేరు కల్పించకుండా 'ఓరిక్స్' అనే రాసి, "మన కృష్ణజింకకి దూరపు చుట్టం, తెల్లటి ఒళ్లు, కత్తుల్లాంటి రెండు పొడుగు కొమ్ములు" అని చెబితే సరిపోతుంది.

6. బాధ కలిగించే నిజం చెప్పాలా?

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "పిల్లలు ఏడుస్తారేమో, రాత్రి నిద్రపోరేమో" అని. న్యాయమైన భయమే. దీనికి రెండు నిజమైన కథలు చూద్దాం.

ఓరిక్స్ కథ. వేటవల్ల 1972లో అడవిలో తిరిగే చివరి ఓరిక్స్‌లు కూడా ఒమన్‌లో లేకుండా పోయాయి. అంతకుముందే కొన్నింటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూలో పెంచుతున్నారు. వాటి సంతానాన్ని 1982లో మళ్లీ ఒమన్ ఎడారిలో, జిద్దత్ అల్ హరాసిస్‌లో వదిలారు. అక్కడి హరాసిస్ తెగవాళ్లే కాపలా కాశారు. మంద నాలుగు వందలు దాటింది. 1994లో యునెస్కో ఆ చోటుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తర్వాత దొంగవేట మొదలై మంద 65కి పడిపోయింది, అభయారణ్యాన్ని కూడా బాగా కుదించారు. 2007లో యునెస్కో దాన్ని జాబితాలోంచి తీసేసింది. ఆ జాబితాలోంచి పూర్తిగా తొలగించిన మొదటి చోటు అదే. అయినా ఓరిక్స్ మిగిలింది. ఇక్కడా, పక్క దేశాల్లోనూ కాపాడి పెంచుతూనే ఉన్నారు. 2011లో దాని స్థితి 'ప్రమాదంలో' నుంచి ఒక మెట్టు మెరుగుపడింది.

కలివి కోడి కథ. 1848లో జెర్డన్ అనే ఆయన ఈ పిట్టని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కడప జిల్లాలో వెతుకుతుంటే, అడవి తెలిసిన స్థానిక వేటగాడు ఒకాయన రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత దొరికిన పిట్ట! కానీ ఆ పట్టిన పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. తర్వాత దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

ఈ కథల్లో విచారం ఉంది. ఎంత చెప్పాలన్నది వయసుని బట్టి:

- మూడు నుంచి ఐదేళ్లు: చావు వద్దు. జంతువు ఎలా బతుకుతుందో చెబితే చాలు. ఈ వయసులో పని ఇష్టం కలిగించడమే. ఇష్టం లేనిదాన్ని కాపాడాలని ఎవరికీ అనిపించదు.
- ఆరు నుంచి ఎనిమిదేళ్లు: కష్టం చెప్పండి, కానీ ఎవరో ఒకరు ఏదో చేయడం కూడా చూపించండి. "పోయాయి, మళ్లీ తెచ్చారు" అన్న ఓరిక్స్ కథ ఈ వయసుకి సరిగ్గా సరిపోతుంది.
- తొమ్మిది దాటితే: దొంగవేట, పిట్ట చనిపోవడం, జాబితాలోంచి తీసేయడం, అన్నీ చెప్పొచ్చు. దాస్తే వాళ్లే నెట్‌లో చూసి, "టీచర్, మీరెందుకు చెప్పలేదు?" అని అడుగుతారు.

ఏ వయసుకైనా అబద్ధపు సుఖాంతం వద్దు. "ఆ తర్వాత అన్ని తాబేళ్లూ హాయిగా ఉన్నాయి" అని రాయకండి. "ఈ బుల్లి తాబేలు సముద్రం చేరింది" అనండి. అది నిజం, అదే చాలు.

7. చెడ్డవాళ్లు ఎవరు?

కథల్లో రాక్షసుడు అలవాటు కాబట్టి, పిల్లలు వెంటనే "ఎవరు చంపారు?" అని అడుగుతారు. మనం తొందరపడి జాలరిని, వేటగాడిని రాక్షసుడిని చేసేస్తాం. పై కథలు మళ్లీ చూడండి. కలివి కోడిని చూపించింది వేటగాడే. ఓరిక్స్‌కి కాపలా కాసింది ఆ ఎడారిలో పుట్టి పెరిగినవాళ్లే. తాబేళ్లు చేపల వలల్లో చిక్కుకుంటాయి, నిజమే. కానీ వలలో తాబేలు బయటపడే ద్వారం పెట్టుకుని చేపలు పట్టే పద్ధతి ఉంది, దాన్ని వాడాల్సిందీ జాలర్లే. మన క్లాసులో సముద్రం మీద బతికిన కుటుంబాల పిల్లలు ఉండొచ్చు. వాళ్ల తాతని విలన్‌గా చేసిన పుస్తకం వాళ్ల చేతికి ఇవ్వలేం కదా.

చిక్కుని మనిషిలో కాకుండా వస్తువులో పెట్టండి: లైటు, సంచి, వల, కరెంటు తీగ. బట్టమేక పిట్ట చాలా బరువైనది, సూటిగా ముందుకి సరిగా చూడలేదు, అందుకే తీగలు తగిలి చనిపోతుంది. తీగ కనపడేలా దానికి ఏదైనా కట్టొచ్చా అని పిల్లలే ఆలోచిస్తారు. నిజంగానే అలాంటి పరికరాలు తీగలకి కడుతున్నారు కూడా.

8. బొమ్మలు

పిల్లలతోనే వేయించండి. అందం అక్కర్లేదు, కానీ జంతువు జంతువులా ఉండాలి. సముద్రపు తాబేలుకి చెరువు తాబేలులా నాలుగు పొట్టి కాళ్లు ఉండవు, తెడ్లలాంటి రెక్కలుంటాయి. తల డిప్పలోకి లాక్కోలేదు. కలివి కోడి రాత్రి తిరిగేది, కాబట్టి పట్టపగలు సూర్యుడి కింద వేయకూడదు. అలుగుకి పళ్లుండవు, నవ్వుతూ పళ్లు చూపించే అలుగు వద్దు. ఇవి పిల్లలకి ముందే చెబితే ఆటలా సరిచూసుకుంటారు. నెట్‌లో దొరికిన ఫొటో అంటించడం వద్దు. అది ఇంకొకరి సొత్తు.

9. చదివాక ఏం చేయాలి?

పుస్తకం పూర్తయ్యాక ముందు రాసిన పిల్లలే చిన్న క్లాసుకి చదివి వినిపించాలి. వింటున్నవాళ్లు ఎక్కడ కదులుతున్నారో, ఎక్కడ నవ్వుతున్నారో టీచరు గుర్తు పెట్టుకుంటే, రెండో ప్రతిలో ఏ పేజీ మార్చాలో తెలుస్తుంది.

చివర్లో పిల్లలు చేయగలిగిన పని ఒక్కటే ఇవ్వండి, పది కాదు. అజైబా బీచికి వెళ్లినప్పుడు తెచ్చిన కవర్లన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకురావడం. లేదా తాబేళ్లు చూడటానికి వెళ్తే ఫ్లాష్ వేయకుండా, గైడు చెప్పినట్టు వెనక నిలబడటం. "భూమిని కాపాడండి" అంటే ఐదేళ్ల పిల్లకి ఏం చేయాలో తెలీదు. "కవర్లు లెక్కపెట్టు" అంటే తెలుస్తుంది.

ఈ టర్ములో ఒక్కో క్లాసు ఒక్కో పుస్తకం చేస్తే, ఏడాది తిరిగేసరికి మన బడి అలమరలో ఒక చిన్న వరస నిలబడుతుంది. ఒక ప్రతి ఊళ్లో అమ్మమ్మకి పంపండి. ఆవిడ చదివి "మా చిన్నప్పుడు అలుగుని చూశానే" అంటే, ఆ మాట రాసుకుని వచ్చే వారం క్లాసుకి తీసుకురండి. తర్వాతి పుస్తకం దాని మీదే రాద్దాం.